జోలపాటల్లో చేరిన ఏడుపు

నోయిడాలో మా ఆఫీసు సెల్‌ఫోన్లకి కాలర్ ట్యూన్లు తయారుచేసేది. తెలుగు వాటికి పేర్లు పెట్టడం నా పని. నా చదువు సర్టిఫికెట్లలో లేదు, పుస్తకాల్లో ఉంది. అందుకే అక్కడ జీతం తక్కువ, నోరు ఎక్కువ. ఆ జనవరి మధ్యాహ్నం పొగమంచు కిటికీ అద్దాలకి ముఖం ఆనించి నిలబడింది. హీటరు మీద దుమ్ము మాడుతున్న వాసన.

మేనేజరు రంగనాథ్ కొత్త ట్యూన్ తెచ్చాడు. నల్గొండ దగ్గర వాళ్ళ పెదనాన్న సీతారామయ్య పోతే, శవం పక్కన ఓ ముసలామె శోకాలు పెడుతుంటే సెల్లో రికార్డు చేసుకొచ్చాడట. పోయినవాడిని పేరు పెట్టి పిలుస్తూ, ఎలా పోయాడో చెప్పుకుంటూ ఏడుస్తారు అక్కడ. తెలుగు రాని మా ఎడిటర్ దాన్ని హిందీ లోరీ లాంటిదనుకుని జోలపాటల్లో పడేశాడు.

“ఆమెనడిగారా?” అన్నాను.

“ఏడుపుకు కాపీరైట్ ఏంది లీలావతిగారూ? ఊరందరి ముంగటనే ఏడ్చింది గదా.”

“మీ పెళ్ళిలో మీ ఆవిడ ఊరందరి ముందే నవ్వింది. ఆ నవ్వు నేను అమ్ముకోనా?”

“అచ్ఛా, కోపమొచ్చింది. నా నంబరుకే పెట్టుకున్న. చేసి వినుండ్రి.”

చేశాను. కాలర్ ట్యూన్ ఫోను చేసినవాళ్ళకే వినబడుతుంది, ఫోను సొంతదారుకి కాదు. ఎదురుగా బల్ల మీద అతని ఫోను మామూలుగా మోగుతోంది. నా చెవిలో... ఆమె. బొంగురు గొంతు, తడి తడిగా.

“ఓ నా రంగనాథో... నీలి స్వెట్టరేసుకొని పోతివా కొడుకా... మంచుల లారీ కానరాకపాయెనా...”

అతని స్వెట్టరు చూశాను. నీలం.

“ఏమంటున్నది?” నవ్వుతున్నాడు.

“మీ పేరు.”

“సీతారామయ్య అంటది. మంచిగ వినుండ్రి.”

“మీ పేరే. ఆ ట్యూన్ తీసేయండి. ఇవాళ బండి తీయకండి.”

“స్వెట్టర్ గూడ తియ్యాల్నా దీదీ?”

గ్రేటర్ నోయిడాలో మీటింగు ఉందని వెళ్ళిపోయాడు.

పొద్దుగూకే వేళకి కబురొచ్చింది. మంచులో లారీ. ఆఫీసులో ఎవరో ఏడ్చారు. నాకేమీ అనిపించలేదు. సిస్టమ్‌లోంచి ఆ ట్యూన్ తీసేయించాను. అతని ఫోను నుజ్జయిందన్నారు. అయినా ఆ నంబరు నొక్కాను. ఆ ముసలామెకి చెప్పాలనిపించింది.

ఏడుస్తోంది... ఇంకా.

“అమ్మా,” అన్నాను మెల్లగా. “తీసేశాం.”

ఏడుపు ఆగింది. ముక్కు చీదిన చప్పుడు. తర్వాత నా చెవి పక్కనే...

“నీ పేరేంది బిడ్డా?”