మూసేసిన గేటులో తెరేసమ్మ సవతి

మీ మొగుడు రోజూ అర్ధరాత్రి తల దువ్వుకుని, ఆడదెయ్యం ఉందన్న చోటికి పోతుంటే... మీరు భయపడతారా, మండిపడతారా?

గన్నవరం దాటాక, అండర్‌పాస్ కట్టాక మూసేసిన రైల్వే గేటు ఒకటుంది. పక్కనే గేట్‌మన్ గది. కరెంటు లేదు. అయినా రాత్రుళ్ళు లోపల పచ్చదీపం... గుసగుసలు. రైలు కింద పడ్డ ఆడమనిషి తిరుగుతోందని ఊరంతా చెబుతుంది.

ఇశ్రాయేలు అక్కడే గేట్‌మన్‌గా రిటైరయ్యాడు. అంతకుముందు సైన్యం, కార్గిల్. ఇద్దరు కూతుళ్ళని నర్సుల్ని చేశాడు. మంచివాడే. కానీ పెళ్ళాం తెరేసమ్మతో మాట్లాడేది రోజుకి రెండు మాటలు — "అన్నం పెట్టు", "లైటు తియ్యి".

అలాంటివాడు అర్ధరాత్రి దువ్వెన పట్టుకుంటే తెరేసమ్మ ఊరుకుంటుందా?

"ముప్పై ఏళ్ళలో నాకోసం ఒక్కసారి దువ్వుకోలేదమ్మా!" — నాతో చెప్పేటప్పుడు కూడా ఆవిడ కళ్ళు నిప్పులే.

ఓ రాత్రి వెనకే వెళ్ళింది. టార్చి వెయ్యలేదు. పట్టాలమీద కంకర కాళ్ళకి గుచ్చుకుంటోంది... గది దగ్గరికి వచ్చింది... తలుపుకి చెవి ఆనించింది.

లోపల ఆయన నవ్వుతున్నాడు! తను ఏనాడూ వినని నవ్వు.

"నిన్న పలకలేదేం... అలిగావా?"

దెయ్యం సంగతే మర్చిపోయింది. తలుపు ఒక్క తన్ను తన్నింది.

"రమ్మను దాన్ని బయటికి!"

ఎవరూ లేరు. పాత సిగ్నల్ లాంతరులో పచ్చదీపం. ఆయన చేతిలో పాత గేటు ఫోను. తీగ... తెగి వేలాడుతోంది.

"ఎవత్తయ్యా అది?"

"సురేషు," అన్నాడు నెమ్మదిగా. "హనుమాన్ జంక్షన్ వాడు. కార్గిల్‌లో, కొండమీద పక్క పోస్టులో ఉండేవాడు. నిద్ర రాకుండా గంటకోసారి ఫోన్లో పలకరించుకునేవాళ్ళం. ఒక్క రాత్రి... నేను నిద్రపోయాను. వాడు మోగిస్తూనే ఉన్నాడట. తెల్లారేసరికి లేడు."

తెగిన తీగ చివర వేలికి చుట్టుకున్నాడు.

"ఈ గేటులో పద్దెనిమిదేళ్ళు ఫోను రెండో గంట మోగనివ్వలేదు, తెరేసా. ఇప్పటికీ వాడి దగ్గరికి డ్యూటీకి వచ్చినట్టే తల దువ్వుకుని వస్తాను."

ఆవిడ కరిగిపోయిందనుకున్నారా? ఇంకా మండింది.

"చచ్చినోడికి చెప్పుకుంటావ్, బతికున్న పెళ్ళానికి చెప్పవా?"

ఫోను లాక్కుంది.

"అన్నయ్యగారూ! వినండి. ఇన్నేళ్ళ ఈయన మాటలన్నీ మీరే తినేశారు. ఇక చాలు. ఆదివారం ఒక్కరోజు మీది. మిగతా ఆరూ నావి. సరేనా?"

ఫోను చెవికి ఆనించుకుంది.

ఉన్నట్టుండి తెరేసమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. అటునుంచి ఏదో వింటున్నట్టు... తలూపింది. నెమ్మదిగా ఫోను పెట్టేసింది.

ఇశ్రాయేలు ముఖం పాలిపోయింది. "ఏమన్నాడు?"

"చెప్పను," అంది. "అది మా ఇద్దరి మధ్య మాట."

నాకూ చెప్పలేదు. ఎంత బతిమాలినా చెప్పలేదు.

అందుకని, మీరొకటి చెయ్యండి. మీ ఇంట్లో మాట పెగలని మనిషి ఉంటే దెయ్యాలకి వదిలెయ్యకండి. ఈ రాత్రే పక్కన కూర్చోండి. నిద్ర పట్టనివ్వని ఆ రాత్రి ఏం జరిగిందని అడగండి. చెప్పేదాకా లేవకండి.