మూడో ప్రకటన

"అంబాసిడరుగారికి స్వాగతం! కారు దొరకలేదు, బండి తెచ్చేను. సర్దుకోవాల మరి."

శ్రీకాకుళం రోడ్డు స్టేషను బయట, కారుతున్న రేకుల కింద నిలబడి ఇమ్మానుయేలు అన్న మాట అది. ఆమదాలవలసలో ఆ పూట వాన మహా జోరుగా ఉంది. పెద్ద సూట్‌కేసును ఈడ్చుకుంటూ వచ్చిన ప్రిస్కిల్లా అతన్ని చూసి ఆగిపోయింది. ప్రపంచంలో ఎవరి కంట పడకూడదని బుడాపెస్టు నుంచి మొక్కుకుంటూ వచ్చిందో, సరిగ్గా వాడే ఎదురుపడ్డాడు.

"నిన్నెవరు రమ్మన్నారు?"

"మీ నాన్నగారు. మోకాలు నొప్పంట. మిల్లుకి ఫోన్ సేసి మరీ పంపేరు."

"నేను ఆటోలో పోతాను."

"ఎల్లు. ఈ వానలో ఆ సూట్‌కేసు సూసేడంటే ఆటోవాడు యూరోలే అడుగుతాడు."

మామూలు రోజుల్లో అయితే పగలబడి నవ్వేది. ఇప్పుడు ఏడుపొచ్చింది. వానలో ఏడవడంలో ఒక సౌకర్యం ఉంది, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

"సిక్కిపోనావు. అక్కడ తిండి పెట్టరేటి?" అన్నాడు ఇమ్మానుయేలు, గొంతు మార్చి.

"నా సంగతి సరే. నీకు కంగ్రాట్స్ చెప్పాలిగా. నాన్న ఫోనులో చెప్పేరు. బొబ్బిలి అమ్మాయంట?"

"శాంతి. టీచరు. నిన్న గుళ్ళో మొదటి పెళ్లి ప్రకటన అయిపోనాది."

"మంచి పిల్లేనా?"

"మంచిదే. వంక పెట్టడానికేటీ లేదు." అతను సూట్‌కేసును పెట్రోలు ట్యాంకు మీదికి ఎత్తుకుంటూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "నువ్వు వద్దనలేదు కదా. నీ రూలే మరి."

ఆ రూలు సంగతి చెప్పాలి. లేకపోతే ఈ పిల్ల ఏడుపు అర్థం కాదు.

ప్రిస్కిల్లా హంగేరీలో అంతర్జాతీయ సంబంధాలు చదవడానికి వెళ్ళిన మొదటి ఏడాది, మిల్లు నుంచి ఇంటికి రాగానే ఇమ్మానుయేలు రోజూ ఫోను చేసేవాడు. "ఇయ్యాల ఏటి నేర్చుకున్నావు?" అన్నది అతని మొదటి ప్రశ్న. చిన్నప్పటి నుంచి ఒకే గుడి, ఒకే సండే స్కూలు. ఇప్పుడు ఆ గుళ్ళో పాటలకి కీబోర్డు వాయించేది అతనే. సంఘంలో కుర్రాళ్ళందరినీ 'బ్రదర్' అని పిలిచే ప్రిస్కిల్లా ఇతన్ని మాత్రం పొరపాటున కూడా బ్రదర్ అనలేదు. ఎందుకో ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు చెప్పింది: దేశాలన్నీ కలిసి ఒక ఒప్పందం రాసుకుంటాయి. కాగితం అందరికీ పంపి, ఒక గడువు పెడతారు. ఆలోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. నోరు మెదపకపోవడమే సంతకం.

"ఓసి, దీనికా హంగేరీ దాకా ఎల్లేవు? మన పాస్టరు పాల్ అయ్యగారు గుళ్ళో పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు సదివి, అభ్యంతరాలున్నాయా అని అడిగేది అదే కదే! ఎవుడూ లెగకపోతే పెళ్లే!" అన్నాడు ఇమ్మానుయేలు.

ఆ మాట క్లాసులో చెబితే ప్రొఫెసరు ముచ్చటపడి, ఆమదాలవలస గుడి గురించి అందరికీ వివరించమన్నాడు. ఆ రోజు ప్రిస్కిల్లా కాళ్ళు నేల మీద ఆనలేదు.

రెండో ఏడాది అంతా తలకిందులైంది. అంతర్జాతీయ న్యాయశాస్త్రం పేపరు పోయింది. మళ్ళీ రాస్తే మళ్ళీ పోయింది. దాంతో స్కాలర్‌షిప్పూ పోయింది. చలికాలంలో నాలుగింటికే చీకటి పడే ఊళ్ళో, గదిలో దీపం కూడా వెయ్యకుండా పడుకుని ఉండేది. ఇంటి నుంచి ఫోనొస్తే "బిజీ నాన్నా" అనేది. ఇమ్మానుయేలు చేస్తే ఎత్తడం మానేసింది. ఫెయిలయ్యానన్న ఒక్క మాట నోట రావడం లేదు. ఆ మాట దాచడానికి మిగతా మాటలన్నీ దాచెయ్యాల్సి వచ్చింది.

అప్పుడొచ్చింది అతని మెసేజి. "ఇంట్లో బొబ్బిలి సంబంధం ఖాయం సేస్తన్నారు. నాకు నువ్వు కావాల. ఎన్ని ఫోన్లు సేసినా ఎత్తవు, అందుకని నీ రూలే పెడతన్నాను. ఆదివారం గుడి అయ్యేలోగా వద్దు అను, ఆపేస్తాను. ఏటీ అనకపోతే నీకు అభ్యంతరం లేనట్టే."

వద్దు అని కొట్టింది. చెరిపేసింది. ఒక పేపరు గట్టెక్కలేనిదానికి, ఇంకొకరి పెళ్లి ఆపే మొహం ఎక్కడిది? ఫోను తలగడ కింద తోసేసి, ఆదివారాన్ని అలాగే పోనిచ్చింది.

ఇప్పుడు ఆ ఇమ్మానుయేలు బండి వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది ప్రిస్కిల్లా, అతని భుజం తగలకుండా.

"మళ్ళీ ఎప్పుడు ప్రయాణం?"

"సెప్టెంబరులో."

అబద్ధం. ఆ ఊరికి ఇంక ఏ ప్రయాణమూ లేదు.

ఇంట్లో జ్ఞానానందంగారు కుంటుకుంటూ ఎదురొచ్చాడు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. తన కూతురు దేశాల మధ్య తగువులు తీరుస్తుందని పాలవాడి దగ్గర్నుంచి పాస్టరుగారి దాకా అందరికీ చెప్పుకున్న మనిషి. "వచ్చే ఏడాదితో డిగ్రీ అయిపోతాది మా ప్రిస్కీకి," అని పక్కింటివాళ్ళతో అంటుంటే, లోపల గదిలో ఆమె సూట్‌కేసు తెరవకుండా దాని మీదే కూర్చుండిపోయింది. తెరిస్తే తెలిసిపోతుంది. సెలవులకొచ్చినవాళ్ళు చలికోట్లు, దుప్పట్లు సర్దుకుని రారు.

రెండో ఆదివారం పాల్ అయ్యగారు ప్రకటన చదివాడు. "ఎవరికైనా అభ్యంతరం ఉన్నయెడల" అనే మాట దగ్గర ఎప్పటిలాగే ఆగాడు. ఆ కాస్త వ్యవధిలో స్త్రీలు పమిటలు సర్దుకుంటారు, పిల్లలు ఆవులిస్తారు. అభ్యంతరం చెప్పడానికి ఆ గుళ్ళో ఎవరూ లేచిన జ్ఞాపకం లేదు. ప్రిస్కిల్లా చాప మీద వేళ్ళు బిగించి కూర్చుంది.

గుడి అయ్యాక వరండాలో వాన తగ్గే దాకా ఆగాల్సి వచ్చింది. చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటిస్తూ ఇమ్మానుయేలు పక్కకొచ్చాడు.

"బాగా కూకున్నావు," అన్నాడు.

"ఏటి?"

"కదలకుండా. కీబోర్డు కాడ నుంచి సూస్తన్నాను."

"నువ్వే ఆపొచ్చు కదా! పెళ్లికొడుకువి నువ్వు!"

"ఎవురి కోసం ఆపాల? వద్దనుకున్న పిల్ల కోసమా?"

"వద్దని నేనెప్పుడన్నాను?"

"కావాలని ఎప్పుడన్నావు?"

ఇమ్మానుయేలు ఆమె కళ్ళల్లోకి ఒక్క క్షణం చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది, తట్టుకునేది. కోపం లేదు. అలిసిపోయాడు.

"ఒకసారి అడిగేను ప్రిస్కిల్లా. జవాబు లేకుండా ఆదివారం ఎల్లిపోతే ఎలాగుంటాదో నీకు తెలీదు." వానలోకే దిగి వెళ్ళిపోయాడు.

ఆ వారం ఆమెకు అన్నం సయించలేదు. ప్రాణం పోతే బాగుణ్ణనిపించింది, సిగ్గు లేకుండా అలా అనుకుంది కూడా. పైగా శనివారం సాయంత్రం తండ్రి మరో కబురు తెచ్చాడు. "అయ్యగారితో సెప్పేను. రేపు ప్రకటనలయ్యాక నీ తిరుగు ప్రయాణం కోసం సంఘమంతా నిలబడి, నీ నెత్తిన సేతులుంచి ప్రార్థన సేస్తారు. తెల్లచీర కట్టుకో."

మూడో ఆదివారం వాన రేకుల కప్పు మీద దంచుతోంది. తెల్లచీరలో ప్రిస్కిల్లా ముందు వరసలో కూర్చుంది. మగవాళ్ళ వైపు మొదటి కుర్చీలో తండ్రి, కాళ్ళ మధ్య గొడుగు.

"ఆమదాలవలస సంఘ సభ్యుడు ఇమ్మానుయేలుకును, బొబ్బిలి సంఘ సభ్యురాలు శాంతికిని పరిశుద్ధ వివాహము జరుగనైయున్నది. ఈ వివాహమునకు ఎవరికైనా అభ్యంతరము ఉన్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను. ఇది మూడవ ప్రకటన."

ఈ మౌనం దాటితే అతను చేజారిపోతాడు. ఆ తర్వాత దేవుడి ముందు, లేని ప్రయాణానికి తన నెత్తిన ఇంతమంది చేతులు. ప్రిస్కిల్లా లేచి నిలబడింది.

"నీ ప్రార్థన తరవాతమ్మా. కూకో," అన్నాడు అయ్యగారు.

"ప్రార్థనకి కాదు అయ్యగారూ. అభ్యంతరానికి."

జ్ఞానానందంగారి గొడుగు నేల మీద పడింది. పాల్ అయ్యగారు కాగితం తిరగేసి చూశాడు. ఎవరైనా లేస్తే ఏం చెయ్యాలో అందులో రాసి లేదు.

"కారణం ఏటి?"

రాత్రంతా కూర్చిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "నాన్నా, నేను ఫెయిలయ్యేను. రెండుసార్లు. స్కాలర్‌షిప్పు పోనాది. సెప్టెంబరులో ఎక్కడికీ ఎల్లను. నా కోసం ప్రార్థన సెయ్యొద్దు, అబద్ధం అవుతాది." ఊపిరి తీసుకుంది. "ఇమ్మానుయేలు నన్ను అడిగేడు. సిగ్గుతో నోరు మూసుకున్నాను. అది ఒప్పుకోవడం కాదు అయ్యగారూ. ఈ పెళ్లి వద్దు. ఇతను నాకు కావాల."

"ఇష్టం అన్నది అభ్యంతరం కాదమ్మా. ముందే పెళ్లయి ఉండాల, లేపోతే వయసు సాలకపోవాల. నీది ఏ న్యాయంలోకి వస్తాది?"

"తెలీదు అయ్యగారూ. న్యాయశాస్త్రంలోనే ఫెయిలయ్యేను."

వెనక చాపల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఇమ్మానుయేలు తల్లి లేచి, "బొబ్బిలోళ్ళకి ఏటి మొహం సూపిస్తాం?" అని ఏడుపందుకుంది. అయ్యగారు చెయ్యెత్తి ఆపాడు. కీబోర్డు వైపు తిరిగాడు.

"ఒరే ఇమ్మానుయేలూ. ఈ పిల్ల సెప్పిన మాటకి నీకేటైనా అభ్యంతరం ఉన్నాదా? ఉంటే ఇప్పుడే సెప్పు."

ఇమ్మానుయేలు మాట్లాడలేదు.

ప్రిస్కిల్లా అతని వైపు చూడలేకపోయింది. నేల వంకే చూస్తూ, చెవులతోనే బతికింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నిన్నేరా. అభ్యంతరం ఉన్నాదా?"

అతను మాట్లాడలేదు. అప్పుడు తలెత్తింది. ఇమ్మానుయేలు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పెదవులు బిగించి, ఆమె వైపే చూస్తున్నాడు. కళ్ళు నిండి ఉన్నాయి. పరీక్షలో నోరు విప్పితే మార్కులు పోతాయన్నంత గట్టిగా మూసుకున్నాడు నోరు.

"మూడోసారి అడుగుతన్నాను."

వాన. అంతే.

అయ్యగారు కాగితం మడిచి బైబిల్లో పెట్టేశాడు. "బొబ్బిలి నేనొస్తాను. కానీ శాంతి ముందర తల దించుకుని నిలబడాల్సింది మీరిద్దరూ. ఆ పిల్ల మిమ్మల్ని ఏటన్నా పడాల." ఇద్దరూ తలూపారు. "పాటెత్తుకోరా."

ఇమ్మానుయేలు వేళ్ళు శ్రుతి ఎక్కడో ఆకాశంలో పట్టుకున్నాయి. ఎవరికీ అందలేదు. అందినా పాడే మనసు ఎవరికీ లేదు. ప్రిస్కిల్లా ఒక్కతే నిలబడి ఉంది, చీర కొంగు పిండుకుంటూ.

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు మొదలైంది. జీరబోయి, మాటమాటకీ తెగుతూ, ఆ ఎత్తు అందుకోలేక అవస్థ పడుతూ. జ్ఞానానందంగారు గొడుగు ఊతంగా లేచి నిలబడి, కూతురి వైపు చూడకుండానే పాడుతున్నాడు.

ప్రిస్కిల్లా నోరు తెరిచింది. ముందు ఏడుపొచ్చింది, తర్వాత పాట వచ్చింది.