పెల్విస్, ఒక్క వ్యూ

“ఎవరండీ ఇక్కడ పద్నాలుగు?”

తలుపు తోసుకొచ్చిన మనిషి ఆ మాట అడిగిన తీరుకి ఆసుపత్రి బిల్లుల కోడింగ్ గదిలో ఇరవై కీబోర్డులూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఒంటి మీద సీసం ఏప్రన్ ఇంకా అలాగే ఉంది. కింది అంతస్తు ఎక్స్‌రే గది నుంచి తిన్నగా మూడంతస్తులూ ఎక్కి వచ్చినట్టున్నాడు. చేతిలో ఏడు కాగితాలు.

ఆమె మెల్లగా చెయ్యెత్తింది, బళ్ళో హాజరు పలికినట్టు. కోడర్ పద్నాలుగు ఆమే.

“మీరేనా! వారంలో ఏడు క్వెరీలు పంపారు. రెండో వ్యూ ఏది, మూడో వ్యూ ఏది అని. తుంటి మీద పడ్డ మనిషిని మీరెప్పుడైనా చూశారా అసలు?”

“లేదండీ. నేను రిపోర్టులే చూస్తాను.”

“అదే మరి! మొన్న ఒక ముసలావిడ వచ్చింది. కుట్టుపని చేసుకుంటుంది. మెట్ల మీంచి జారిపడింది. బల్ల మీద పడుకోబెట్టేసరికే ప్రాణాలు ఉగ్గబట్టుకుంది. ఆవిణ్ణి ఇటు తిప్పి ఒకటి, అటు తిప్పి ఒకటి తియ్యాలా? మీ కోడ్ కోసం? ఎదురుగా ఒక్కటే తీశాను. ఇంకో వంద క్వెరీలు పంపండి, అంతే తీస్తాను!”

ఆమెకు కోపం త్వరగా రాదు. వచ్చిందంటే త్వరగా పోదు. ఇప్పుడు మాత్రం చెవులదాకా వచ్చేసింది.

“అయిందా మీ ఉపన్యాసం?” అంది లేచి నిలబడి. “నా క్వెరీ చదివారా, మెట్లెక్కుతూ ఊహించుకున్నారా? ఇంకో ఫిల్మ్ తియ్యమని నేనెక్కడ రాశాను?”

అతను నోరు తెరిచాడు. ఆమె మాట్లాడనివ్వలేదు. మానిటర్ అతని వైపు తిప్పింది.

“చదవండి. ‘పెల్విస్, మూడు వ్యూలు, ఎముక ఎక్కడా విరగలేదు.’ సిస్టమ్‌లో ఉన్నది ఒక్క ఫిల్మ్. ఒకటో రెండో తీస్తే ఒక కోడ్, మూడు తీస్తే ఇంకో కోడ్. మిగతా రెండూ తియ్యకుండానే తీశారని నేను కోడ్ వెయ్యాలా? నేను అడిగింది ఎందుకు తియ్యలేదని కాదు మహానుభావా. తీసినట్టు ఎవరు రాశారని!”

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. కాగితాలు పట్టుకున్న చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది.

“నేను రిజిస్టర్లో ఒకటి అనే రాశానండీ. కారణంతో సహా.”

“ఆ రిజిస్టర్ మా దాకా రాదు. మాకొచ్చేది ఇదే.”

“పెల్విస్ అని నొక్కగానే పెద్ద డాక్టరుగారి టెంప్లేట్‌లో మూడు అని దానంతటదే పడుతుందేమో...” అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. సారీ అనే ముక్క లేదు.

ఆ సాయంత్రం ఆమె అక్కావాళ్ళింట్లో భోజనం దగ్గర ఆ సంగతే మొదలుపెట్టింది. ఏప్రన్ దగ్గర్నుంచి గొంతుదాకా ఏదీ వదల్లేదు. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే.

“ఏమే, రోజూ భోజనానికి అతన్ని వెంటబెట్టుకొస్తున్నావు” అంది అక్క.

“తిట్టడానికే కదా!”

“తిట్టడానికే లే. మేమేమన్నాం?” అన్నాడు బావ, కంచంలోకి చూసి నవ్వుతూ.

శుక్రవారం ఉదయం సూపర్‌వైజర్ పిలిచాడు. “పదకొండు పెల్విస్ ఫైళ్ళు నీ దగ్గరే ఆగిపోయాయి. సాయంత్రం అయిదింటికల్లా క్లోజ్ చెయ్యాలి.”

“రిపోర్టులు తప్పండీ, సార్.”

“రిపోర్టులో మూడంటే మూడే వెయ్యమ్మా. డాక్టరుగారి కంటే నీకెక్కువ తెలుసా? సోమవారం నీ పర్మనెంట్ ఆర్డర్ మీద సంతకం పెట్టాల్సింది నేను. గుర్తుందిగా?”

ఆరు నెలలుగా ఆమె ఎదురుచూస్తున్న కాగితం అది. అయినా నోరు ఊరుకోలేదు. “మూడు వైపులా చూశారు, ఏమీ లేదు అని నమ్మి రేపు ఆ ముసలావిణ్ణి ఎవరైనా నడిపిస్తే, సార్?”

“అది మన డిపార్ట్‌మెంట్ కాదు.”

ఆ ముక్కతో ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మన డిపార్ట్‌మెంట్ కాదట! ఆవిడ తుంటి ఏ డిపార్ట్‌మెంట్? కుర్చీ వెనక్కి తోసి, జీవితంలో మొదటిసారి ఎక్స్‌రే గదికి దిగింది.

కిటికీ అవతల వాన దంచుతోంది. అతను బల్ల తుడుస్తున్నాడు. ఆమెను చూసి గుడ్డ అక్కడే వదిలేశాడు.

“పద్నాలుగు గారూ! మీరా?”

“రిజిస్టర్ ఇవ్వండి.”

బల్ల సొరుగులోంచి తీసి ఇచ్చాడు. ఆమె నిలబడే పేజీలు తిప్పింది. గుండ్రటి చేతిరాత. ‘ఒకటే. చాలా నొప్పి. తిప్పలేదు.’ ‘రెండు. భయపడ్డాడు. కాసేపు కబుర్లు చెప్పి తీశాను.’ ‘ఒకటే. ఆమె నా చెయ్యి వదల్లేదు, వేరేవాళ్ళ చేత బటన్ నొక్కించాను.’ ఆమె పదకొండు పేర్లు వెతకడానికి వచ్చింది. అవసరం లేని పేజీలు కూడా చదివింది.

ఆ రోజు మాటకి సందివ్వకుండా అరిచిన మనిషి ఇతనేనా అనిపించింది. ఆ అరుపు కూడా ఆ ముసలావిడ కోసమే కదా అని కూడా అనిపించింది. దాంతో ఇంకా కోపం వచ్చింది. తిట్టడానికి ఏమీ మిగల్చలేదు అతను.

“ఇది పట్టుకుని పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాను. మీరు రానక్కర్లేదు. మీ ఉద్యోగం మీకుంటుంది.”

“రాసింది నేను. రాకపోతే ఎలా?” అన్నాడు, ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలిస్తూ.

పెద్ద డాక్టరు కళ్ళద్దాల మీంచి చూశారు. “నా రిపోర్టు తప్పంటారా ఇద్దరూ?”

ఆమె టేబుల్ దగ్గరికి జరిగింది. “టెంప్లేట్ తప్పండీ. కానీ కింద సంతకం మీది.”

పక్కనున్న అతను రిజిస్టర్ తెరిచి, వేలు పెట్టి చూపించాడు. ఆయన ఒక్కో వరుసా తన రిపోర్టుతో సరిచూసుకుంటూ వెళ్ళారు. ముసలావిడ పేరు దగ్గర ఆగారు. ఫోన్ అందుకున్నారు.

“వార్డా? కుట్టుపనావిడ ఉందే, ఆవిణ్ణి మంచం దింపకండి. నడిపించబోతున్నారా? ఆపండి! వెంటనే సీటీ స్కాన్‌కి పంపండి!”

రెండు గంటల తర్వాత సీటీలో సన్నటి పగులు బయటపడింది. ఎముక జరగలేదు, సమయానికి దొరికింది. పెద్ద డాక్టరుగారు పదకొండు రిపోర్టులూ దిద్ది, టెంప్లేట్‌లో ‘మూడు’ చెరిపేసి, అక్కడ ఖాళీ గడి పెట్టించారు. ఎన్ని తీశారో చేత్తో కొడితే తప్ప రిపోర్టు ముందుకు కదలదు. అయిదుకి ఇంకా పది నిమిషాలుండగా ఆమె పదకొండో ఫైలు క్లోజ్ చేసింది. ఒక్కటీ మూడు కాదు.

సోమవారం సూపర్‌వైజర్ ఆమె ఆర్డర్ మీద సంతకం పెట్టాడు, పంటి నొప్పితో ఉన్నవాడిలా మొహం పెట్టి. “పెద్ద డాక్టరుగారు ఫోన్ చేశారులే” అన్నాడు. అంతకంటే సూపర్‌వైజర్ దగ్గర్నుంచి ఏమీ రాలదని ఆమెకు తెలుసు.

బయటికొస్తుంటే మెట్ల దగ్గర అతను. “పద్నాలుగు గారూ, కంగ్రాట్స్. ఆ రోజు అరిచాను కదా...”

“అరిచారు. సారీ చెప్పలేదు.”

“చెప్పానే! మనసులో.”

“రాయనిది జరగనట్టే. మా గదిలో రూలు” అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. నవ్వొచ్చిన సంగతి గొడుగుకి మాత్రమే తెలుసు.

మర్నాడు ఆమె టేబుల్ మీద ఒక ఖాళీ ఎక్స్‌రే రిక్వెస్ట్ ఫారం ఉంది. అదే గుండ్రటి చేతిరాత.

‘సారీ. ఆలస్యంగా చెప్తున్నాను. మీ దగ్గర్నుంచి క్వెరీ వచ్చి మూడు రోజులైంది. రిపోర్టులన్నీ సరిగ్గా ఉంటున్నాయి. పని బాగుంది. నాకే బాగాలేదు. కారణం:’

కారణం ఎదురుగా గడి ఖాళీ.

ఆమె మూడంతస్తులూ దిగి, ఫారం అతని ముందు పెట్టింది. “ఏంటిది? ఇంత పోట్లాడి ఖాళీ గళ్ళు పెట్టించింది ఇలా వదిలెయ్యడానికా? సగం రాసిన ఫారం నేనెలా క్లోజ్ చెయ్యాలి?”

“భయమేసిందండీ.”

“పెద్ద డాక్టరుగారి ముందు వెయ్యలేదుగా!”

“ఆయన మీ అంత గట్టిగా అడగరు.” అతను పెన్ను తీసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. వంగి రాసి, ఫారం తిప్పి ఇచ్చాడు.

ఆమె చదివింది. ‘మీరంటే ఇష్టం. మీరంటే ఇష్టం. మీరంటే ఇష్టం.’

“మూడుసార్లు రాశారే?”

“మూడూ నిజమేనండీ. కావాలంటే చెక్ చేసుకోండి.”

ఆమె చెక్ చేసింది. తొందరేమీ పడకుండా, ఒక్కో దాని మీదా వేలు పెట్టి. తర్వాత ఫారాన్ని నాలుగు మడతలు వేసి ఐడీ కార్డు వెనక దాచుకుంది.

ఆ సాయంత్రం అన్నం తింటూ ఆమె అతని ఊసే ఎత్తలేదు. అక్క అనుమానంగా చూసింది. “ఏమే, ఇవాళ అతన్ని తీసుకురాలేదేంటి?”

“ఆదివారం వస్తాడు” అంది ఆమె, కంచంలోంచి తలెత్తకుండా. “నిజంగానే వస్తాడు. భోజనానికి.”

అక్కా బావా మొహమొహాలు చూసుకున్నారు. అక్క లేచి, అటక మీంచి నాలుగో కంచం దింపి కడగడం మొదలుపెట్టింది.

“రప్పించేది తిట్టడానికేనా, మరదలా?” అన్నాడు బావ.

“అదీ ఉంటుంది” అంది ఆమె.