సర్వర్ గదిలో ఏసీ మెకానిక్

బాస్ టేబుల్ మీద ఫోటో పెట్టాడు. మెట్ల మీద బోర్లా పడి ఉన్న పెద్దాయన. మెడ మీద సూది గుచ్చిన చుక్క.

"బాబాయ్ పోయాడు" అన్నాడు. సర్వర్ల అడ్మినిస్ట్రేటర్‌ను ఆఫీసంతా బాబాయ్ అనే పిలిచేది.

తాపీ ఫోటో చూసి తిరిగి ఇచ్చేశాడు. కొంప అంటుకున్నా కాఫీ పూర్తిచేసే లేస్తాడని ఆ ఏజెంట్‌కు ఆ పేరు పెట్టారు. పని నేర్పిన మనిషి పోతే ఏడుపు రావాలి. రాలేదు. కొన్నేళ్ళుగా అతనికి ఏదీ రావడం లేదు.

బ్రీఫింగ్ చిన్నదే. ఏడు ఊళ్ళలో ఏడు సర్వర్లు. విదేశాల్లోని ఏజెంట్ల మెసేజులు వాటి గుండా వస్తాయి. ఒక్కో సర్వర్‌కు దారిలో ఒక్క ముక్కే తెలుసు. ఏడింటి లాగ్స్, అంటే రాకపోకల చిట్టాలు, కలిపితే మాత్రం ఎవరు ఎక్కడ దాక్కున్నారో బయటపడుతుంది. కలిపే అధికారం అడ్మినిస్ట్రేటర్‌దే. ఆ కుర్చీలో ఇప్పుడు బాబాయ్ అసిస్టెంటు, మేడమ్ కూర్చుంది.

"శత్రువుల ముఠాలో ఆవిడ మన మనిషి అనుకున్నాం. మనలో వాళ్ళ మనిషని ఇప్పుడు అనుమానం. లాగ్స్ ఇవాళే వాళ్ళకు పంపుతుందట."

"ఆపేద్దామా సార్?"

"ఆపితే ఇంకో దారి చూసుకుంటుంది. పంపనీ. మనకే పంపేలా చూడు." బాస్ ఫోటోను డ్రాయర్లో వేశాడు. "ఆ దాక్కున్న ఏజెంట్లలో మీ అక్క కూడా ఉంది."

"తెలుసు సార్."

మధ్యాహ్నానికి తాపీ నీలం యూనిఫాం వేసుకుని, సర్వర్ గదిలో స్టూలెక్కి ఏసీ విప్పుతున్నాడు. ఏసీ వెనక, మేడమ్ కంప్యూటర్ లైనుకు అగ్గిపెట్టెంత బాక్స్ తగిలించాడు. ఆమె ముఠా సర్వర్‌ను పిలిస్తే పలికేది ఆ బాక్సే. చిక్కల్లా ఒక్కటే. కొత్త మెషీన్ పలికినప్పుడల్లా దాని ఫింగర్‌ప్రింట్, అంటే పొడవాటి నంబరు, స్క్రీన్ మీద వస్తుంది. ముఠా ఇచ్చిన నంబరుతో పోల్చి చూసుకుందంటే అంతా బట్టబయలే.

మేడమ్ ఎర్రటి గోళ్ళతో కీబోర్డు వాయిస్తూనే ఫోన్లో ఎవరినో చీవాట్లు పెడుతోంది. "ఫింగర్‌ప్రింట్ సరిచూడకుండా యెస్ కొడతావా? బుద్ధుందా నీకు?"

తాపీకి అక్క ముఖం గుర్తు చేసుకోవాలనిపించింది. సరిగ్గా గుర్తు రాలేదు.

ఆమె ఫోన్ పెట్టేసింది. లాగ్స్ కలిశాయి. స్క్రీన్ మీద నంబరు వచ్చింది, కింద ప్రశ్న: నమ్మవచ్చా? ఆమె మొబైల్ తీసింది, ముఠా పంపిన నంబరు తెరవడానికి. తాపీ స్క్రూడ్రైవర్ మీద పట్టు బిగించాడు.

మొబైల్ తెరుచుకునే లోపే, వేల మెషీన్లకు యెస్ కొట్టిన వేలు ఈసారీ కొట్టేసింది. పనిలో పడ్డ అడ్మినిస్ట్రేటర్ వేలు యజమాని కోసం ఆగదు.

ఫైలు మొత్తం వెళ్ళింది. కాసేపటికి ఆమె మొబైల్ మోగింది. "ఏమీ రాలేదేంటి?" అందొక గొంతు.

మేడమ్ మెల్లగా స్టూలు వైపు తలెత్తింది.

"నాకొచ్చింది మేడమ్" అన్నాడు తాపీ.

తలుపు దగ్గర బాస్ మనుషులు నిలబడి ఉన్నారు. ఆమె పారిపోలేదు. స్క్రీన్ మీది నంబరునూ మొబైల్‌లోని నంబరునూ ఇప్పుడు తీరిగ్గా పోల్చింది. "చూసుకోవాల్సింది" అంది.

"బాబాయ్ అయితే చూసుకునేవాడు." ఆ మాట అన్నాక తాపీ యూనిఫాం చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. స్టూలు దిగాడు.

సాయంత్రం బాస్ ఫోన్ చేశాడు. "మీ అక్క మెసేజ్ వచ్చిందోయ్. అక్కడ విశేషాలేమీ లేవట."

"ఇక్కడా ఏమీ లేవని చెప్పండి సార్."