పాడైతే?

అక్షరదోషాలుంటే మన్నించండి. నాకు చదువు యాభై ఎనిమిదో ఏట వచ్చింది. నేను కూడబలుక్కుంటూ రాస్తాను, మీరు మాత్రం గబగబా చదివేయండి.

పిల్లలు లేరు. మా ఆయన పోయాక ఒక ఆఫీసులో సర్వర్ గది తుడిచే పనికి కుదిరాను. బీరువాల్లాంటి ర్యాకులు, వాటి నిండా మిషన్లు, చిక్కుపడ్డ జుట్టులా కేబుళ్లు. ఎండాకాలంలోనూ శాలువా కప్పుకోవాల్సిందే.

ఒకరోజు సర్వర్లు చూసే అబ్బాయి, వాడకంలో లేదనుకుని నెట్ పంచే స్విచ్ పెట్టెలోంచి ఓ నీలం కేబుల్ పీకేశాడు. ఆఫీసంతా నెట్ పోయింది. నెట్‌వర్క్ చూసే అమ్మాయి రివ్వున వచ్చింది.

"ఎవరండీ నా స్విచ్ మీద చెయ్యేసింది?"

"ఖాళీది అనుకున్నానండీ..."

"మీ బుర్రలాగానా?"

"సారీ" అంటూ అబ్బాయి తల దించుకున్నాడు. కళ్ళు మాత్రం దించలేదు. నేను చూశాను.

ఆ రోజే ఆ అమ్మాయి రెండు కట్టుబాట్లు పెట్టించింది. ప్రతి కేబుల్‌కీ లేబుల్ ఉండాలి. ఎవరు ఏది మార్చబోయినా పక్కన ఇంకొకరుండి "పాడైతే?" అని అడగాలి. మళ్ళీ పాత స్థితికి వెనక్కి ఎలా వస్తారో చెప్పాకే చెయ్యి పెట్టాలి. అలా వెనక్కి రావడాన్నే రోల్‌బ్యాక్ అంటారట.

లేబుళ్లు అతికించే పని నాకిచ్చారు. చదవడం రాదంటే ఆ పిల్ల నవ్వలేదు. ఇంగ్లీషు కింద తెలుగు కూడా అచ్చువేసి, భోజనాల వేళ నా పక్కన కూర్చుని నేర్పింది. లోకమంతా అ అంటే అమ్మ అని మొదలుపెడుతుంది. నేను స అంటే సర్వర్ అని మొదలుపెట్టాను. ఆ తల్లి మేలు ఎలా మరచిపోను?

ఇక వాళ్ళిద్దరి సంగతి.

"బ్యాకప్ టైమ్ మారుస్తున్నా" అనేవాడు అబ్బాయి.

"పాడైతే?"

"పాత టైమే పెట్టేస్తా."

"టీలో చక్కెర మానేశాను."

"పాడైతే?"

"మీ కప్పు లాక్కుంటా."

పని ఉన్నా లేకపోయినా ఇదే వరస.

ఓ వాన రోజున అమ్మాయికి వేరే ఊరికి బదిలీ వచ్చింది. సాయంత్రంలోగా వెళ్తుందో లేదో చెప్పాలట. అబ్బాయి మొహం వేలాడేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మా, వెళ్ళిపోతుందట."

"నాతో అంటే ఏం లాభం నాయనా? ఆ పిల్లతో చెప్పు."

"పాడైతే అని అడుగుతుంది."

"అడక్క మానుతుందా? జవాబు సిద్ధం చేసుకుని పో."

అమ్మాయి స్విచ్ దగ్గరే ఉంది. నేను తప్పుకోబోతే అబ్బాయి ఆపాడు. "నాకు పెద్దదిక్కు నువ్వే. ఉండు."

"ఒక మార్పు చెయ్యాలండీ" అన్నాడు.

"ఏ సర్వర్‌లో?"

"సర్వర్‌లో కాదు. మీరు వెళ్ళకూడదు. నన్ను పెళ్ళి చేసుకోవాలి."

అమ్మాయి చేతిలో కేబుల్ చేతిలోనే ఉండిపోయింది. ఆ పిల్లకి ఖాయమైన సంబంధం ఒకటి ఇదివరకే తప్పిపోయింది. నాకు తెలుసు.

"పాడైతే?" అంది. ఈసారి ఆటగా కాదు.

"మొదటి రోజుకి వెనక్కి వద్దాం. మీరు నా బుర్ర ఖాళీ అని తిట్టండి. నేను సారీ అంటాను. అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెడదాం. ఎన్నిసార్లయినా సరే."

ఆ పిల్ల చేతిలో కేబుల్ పక్కన పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, మీవాణ్ణి నమ్మొచ్చా?"

"కేబుళ్ల దగ్గర వద్దు తల్లీ. మిగతా అన్నిటికీ నాదీ పూచీ."

నవ్వుతూనే నా చేతిలో దుమ్ముగుడ్డ లాక్కుని కళ్ళు తుడుచుకుంది. ముక్కు నల్లగా అయింది. అలాగే వెళ్ళి, బదిలీ వద్దని చెప్పి వచ్చింది.

నన్ను అందరూ పెద్దమ్మ అంటారు. అరవై రెండేళ్ళు. ఇప్పుడు వాళ్ళిద్దరి ఇంట్లోనే, వంటింటి పక్క గదిలో ఉంటున్నాను. నేను వచ్చేసరికే తలుపుకి లేబుల్ అతికించి ఉంది: "అమ్మ గది."

అ అంటే అమ్మ అని అప్పుడు నేర్చుకున్నాను.