కర్పూరం నూనె

గోదావరి పొయ్యి మీద జొన్నరొట్టె తిప్పుతోంది. ముందుగదుల్లోంచి దగ్గులు, మూలుగులు వినిపిస్తున్నాయి. అవి రోజూ ఉండేవే. బోధన్‌లో డాక్టర్ రాజనర్సుకు ఇల్లూ దవాఖానా ఒకటే. ముందు రోగుల మంచాలు, వెనక ఆయన సంసారం. చెరుకు నరికే కాలం వస్తే కూలీలు ఊళ్లోకి దిగుతారు, వాళ్ల వెంటే జ్వరాలూ దిగుతాయి. మంచాలు చాలక నేల మీద చాపలు పరుస్తారు.

రొట్టె పెనం మీద ఉండగానే ఇస్మత్ వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడింది. ఆమె ఆ దవాఖానాలో నర్సు. పని వదిలి ఎన్నడూ ఇటు రాని మనిషి. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అమ్మా, ఆముదం అనుకొని కర్పూరం నూనె తాగించిన," అంది. "లింబయ్యకు. కొట్టుకుంటున్నడు."

గోదావరి పెనం దించడం కూడా మరిచి పరుగెత్తింది. లింబయ్య చెరుకు కూలీ. జ్వరం తగ్గుముఖం పట్టింది, కడుపు బిగిసిందంటే పొద్దున్నే ఆముదం పట్టమని డాక్టర్ చెప్పాడు. ఇప్పుడు అతని కాళ్లూ చేతులూ విరుచుకుపోతున్నాయి. పళ్లు గిట్టకరుచుకున్నాయి. రాజనర్సు అతని ముక్కులోంచి గొట్టం దించి కడుపు కడుగుతున్నాడు. గదంతా కర్పూరం వాసన. దేవుడి ముందు కళ్లు మూసుకొని పీల్చే వాసనకే, ఇప్పుడు గోదావరి కొంగుతో ముక్కు మూసుకుంది.

లింబయ్య భార్య రుక్మాబాయి మంచంకోడు పట్టుకొని ఒక్కొక్కరి మొహమే చూస్తోంది.

"ఏమైంది?" అని అడిగింది. గోదావరి చూపు తిప్పుకుంది.

దసరా దాకా ఆ దవాఖానాలో ఇద్దరు నర్సులు ఉండేవాళ్లు. రెండో ఆమె భీమవ్వను మాన్పించింది రాజనర్సు అన్న బాలనర్సయ్య. ఖర్చులు చూసేది ఆయనే. "ఒక్కరు చేసే పనికి ఇద్దరికి జీతాలెందుకు?" అన్నాడు. తమ్ముడు మెదలకుండా ఊరుకున్నాడు. అప్పటి నుంచి పగలూ రాత్రీ ఇస్మత్ ఒక్కతే. మొన్ననే ఆమె గోదావరితో మొరపెట్టుకుంది, "అమ్మా, నిలబడ్డకాడ్నే కండ్లు మూసుకపోతున్నయ్. భీమవ్వను పిలిపియ్యమని సారుకు చెప్పుండ్రి" అని. చెప్తానంది గోదావరి. చెప్పలేదు. బావగారు అన్న మాటకు ఎదురు ఎట్లా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

లింబయ్యకు విరుపులు కాస్త సద్దుమణిగి మత్తు కమ్మింది. ఊపిరి ఆడుతోంది, అంతే. అప్పుడు బాలనర్సయ్య తమ్ముణ్ని వెనక దొడ్లోకి పిలిచాడు. గోదావరీ వెంట వెళ్లింది. అక్కడ ఎడ్లబండి కట్టి ఉంది. ఇస్మత్ బట్టలమూట పట్టుకొని బండి పక్కన నిలబడి ఉంది.

"మధ్యాహ్నానికి కూలోల్లంతా చేన్లకెంచి వస్తరు," అన్నాడు బాలనర్సయ్య. ఆయన చూపు మాటిమాటికీ వాకిలి వైపు పోతోంది. "వాడు పోతే మన తలుపులు ఉండయ్. పోలీసు అమీన్ సాబ్ వచ్చి నిన్ను తీస్కపోతడు, దవాఖానకు తాళమేస్తరు. చెల్క భూమి అమ్మి పెట్టిన దవాఖాన ఇది. ఈమెను నిజామాబాద్‌ల వాళ్లన్న ఇంటికి తోలుత. తప్పు మందు పోసి పారిపోయిందని చెప్దాం."

"ఆమెను జైల్ల ఏస్తరన్నా."

"మరి నువ్వు పోతవా?"

రాజనర్సు తల దించుకున్నాడు. భర్త ఒప్పుకుంటాడేమోనని గోదావరికి భయం వేసింది. లింబయ్య కొట్టుకుంటున్నప్పుడు కూడా ఆమెకు ఇంత భయం వేయలేదు.

"పోత సారూ," అంది ఇస్మత్ మెల్లగా. "నా చేతులతోనే పోసిన కద."

గోదావరి వెళ్లి దొడ్డి తలుపుకు అడ్డంగా నిలబడింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి బావగారి ఎదుట ఆమె తలెత్తి మాట్లాడింది లేదు.

"ఇస్మత్ పోదు బావా," అంది. "కండ్లు మూసుకపోతున్నయని మొన్ననే నాకు చెప్పింది. మీకు భయపడి నేను ఎవ్వలికీ చెప్పలే. ఆ నూనెల నా చెయ్యి గూడ ఉంది. తోలితే నన్ను గూడ తోలుండ్రి."

బాలనర్సయ్య తెల్లబోయాడు. "వాళ్లొచ్చి మీద పడ్తే? భయమైతలేదా నీకు?"

"అయితుంది. అయినా ఈమెను పోనియ్య."

ఆమె తలుపు వదల్లేదు. రాజనర్సు ఇస్మత్ చేతిలోని మూట తీసుకున్నాడు.

"ఇన్ని మంచాలు ఒక్క మనిషి చూస్తే ఏమైతదో డాక్టర్ను నాకు తెల్వదా అన్నా?" అన్నాడు. "తెలిసే ఊకున్న."

లోపలికి వెళ్లి రుక్మాబాయి ముందు నిలబడ్డాడు. వెనకాలే గోదావరి, ఆమె చెయ్యి పట్టుకొని ఇస్మత్.

"రుక్మాబాయీ, మావోల్లు తప్పు మందు తాగించిండ్రు. నిద్రలేని మనిషితోని పని చేయించిన, తప్పు నాది."

రుక్మాబాయి అరవలేదు, ఏడవలేదు. "నాకు గివన్ని వద్దు," అంది. "ఆయన లేస్తడా?"

"తెల్వదమ్మా."

రుక్మాబాయి మళ్లీ మంచంకోడు పట్టుకుంది.

మధ్యాహ్నం కూలీలు రానే వచ్చారు. చేతుల్లో చెరుకు నరికే కత్తులు అట్లాగే ఉన్నాయి. వాకిలి నిండిపోయింది. బాలనర్సయ్య తలుపు గడియ పెట్టబోయాడు గాని, రుక్మాబాయి ఆయన్ను తప్పించుకొని బయటికి నడిచింది.

"తప్పు మందు పోసిండ్రు," అని చెప్పింది వాళ్లకు. వాకిట్లో కలకలం లేచింది. ఆమె చెయ్యెత్తింది. "దాచలే. ఆల్లే చెప్పిండ్రు. డాక్టర్ ఆయన పక్కనే కూసున్నడు. మీరు లోపలికొస్తే ఆయన్ని సూసేది ఎవలు?"

ఎవరో గట్టిగా తిట్టారు. చివరికి ఒక ముసలి కూలీ కత్తి గోడకానించి కింద కూర్చున్నాడు. మిగిలినవాళ్లూ కూర్చున్నారు. కానీ ఎవరూ వెళ్లిపోలేదు. గోదావరికి ఒక్కొక్క క్షణం గడవడం గగనమైంది.

పొద్దు వాలుతుండగా లింబయ్య కళ్లు తెరిచాడు. భార్యను గుర్తుపట్టి నీళ్లడిగాడు. అప్పుడు ఏడ్చింది రుక్మాబాయి, అంతసేపటి ఏడుపూ ఒక్కసారే.

బాలనర్సయ్య మంచాల మధ్య నుంచి నడిచి ఇస్మత్ దగ్గరికి వచ్చాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"బిడ్డా, నేను నిన్ను..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

ఇస్మత్ గోడకు చేరగిలబడి, నోరు కొంచెం తెరుచుకొని, చిన్నపిల్లలా నిద్రపోతోంది.

"లేపకుండ్రి బావా," అంది గోదావరి. "లేసినంక చెప్పుండ్రి."

ఆయన తలూపాడు. చెప్పులు అవతల విడిచి వచ్చి, లింబయ్య మంచం పక్కన కింద కూర్చున్నాడు. ఏ మంచం మీద ఎవరు మూలిగినా ఉలిక్కిపడి అటు తిరుగుతూ, ఇస్మత్ లేచేదాకా అక్కడే ఉన్నాడు.