కల్లంలో పదకొండు ఫోన్లు

షెర్లీ తన గొంతును ఒకేసారి పదకొండు ఫోన్లలో విన్న రోజున, ఆ గొంతు ఆమెకే నచ్చలేదు.

గురజాల పక్క ఊళ్లో ఒక మిరప కల్లం. నులక మంచం మీద పదకొండు ఫోన్లు వరసగా పరిచి ఉన్నాయి. అరక్షణం తేడాతో ఒకదాని వెంట ఒకటి "నెమ్మదిగా ఊపిరి తీసుకోండి" అంటున్నాయి. మంచం పక్కన ఒక్కడే యువకుడు కళ్లు మూసుకుని, చెప్పినట్టే తీసుకుంటున్నాడు.

"ఏంది ఇది?" అంది షెర్లీ.

అతను ఒక కన్ను తెరిచాడు. "ధ్యానం మేడమ్. ఇంకా నాలుగు నిమిషాలుంది. కూర్చోండి."

"మిగతా పదిమంది ఏరి?"

"కూలికి పోయారు."

"వాళ్ల ఊపిరి కూడా నువ్వే తీసుకుంటున్నావా?"

"కోతలకి పోయే ముఠాకి ఒక మేస్త్రీ ఉంటాడు గదా మేడమ్. ఊపిరికి నేను మేస్త్రీని." నవ్వాడు. "నా పేరు బెంజిమిన్."

షెర్లీ మాచర్లలో ఒక చిన్న సంస్థలో పనిచేస్తుంది. కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్లకు కోపం, మందు, గుట్కా, నిద్రలేమి తగ్గించాలని ఆ సంస్థ ఒక యాప్ తయారుచేసింది. రోజుకు పది నిమిషాలు ఫోన్ చెప్పినట్టు కూర్చోవాలి, అంతే. హైదరాబాద్ నుంచి తెప్పించిన గొంతు వింటే బస్టాండులో కూర్చున్నట్టుందని కుర్రాళ్లు అనేసరికి, ఆఫీసులో అందరికంటే తక్కువ మాట్లాడే షెర్లీ మీద ఆ పని పడింది. గొంతు తనదని ఎవరికీ చెప్పకూడదన్న షరతు మీద, ఇంట్లో దుప్పటి ముసుగేసుకుని రికార్డు చేసి ఇచ్చింది. బడిలో పద్యం అప్పజెప్పమంటే ఏడ్చిన పిల్ల ఇప్పుడు పల్నాడుకు ప్రశాంతత నేర్పుతోంది.

ఈ ఊరి పదకొండు మందీ రోజూ పొద్దున్నే ఆరుంబావుకే, ఒక్కరోజు తప్పకుండా ధ్యానం చేస్తున్నారని రికార్డులో ఉంది. పై అధికారి సుధీర్ బాబు ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించడం ఒక్కటే తక్కువ. షెర్లీకి మాత్రం అనుమానం వచ్చింది. పల్నాడులో పదకొండు మంది ఆరు వారాల పాటు ఒకే మాట మీద ఉండటం ఎక్కడైనా జరుగుతుందా?

"ఇదంతా నెలాఖరు రిపోర్టులో రాస్తాను" అంది.

బెంజిమిన్ నవ్వు ఆగింది. నిరుడు వాలీబాల్ పోటీలో గొడవై, అవతలి జట్టులో ప్రవీణ్ అనే కుర్రాడి చెయ్యి విరిగింది. తోసింది బెంజిమిన్. జట్టు మొత్తం మీద కేసయింది. వచ్చే నెల లోక్ అదాలత్‌లో రాజీకి పోతున్నారు. తప్పకుండా ధ్యానం చేశారని యాప్ వాళ్ల ఉత్తరం చేతిలో ఉంటే అవతలివాళ్లు మెత్తబడతారని లాయరు చెప్పాడు.

"రాస్తే మాకు ఆ కాగితం రాదు మేడమ్."

అంతలో షెర్లీ ఫోన్ మోగింది. అమ్మ గ్రేసమ్మ. "వస్తున్నానమ్మా, వస్తున్నాను" అని పెట్టేసింది. బెంజిమిన్ ఆమెను ఒక రకంగా చూశాడు. షెర్లీ ఆ చూపును అతని తలపొగరు ఖాతాలో వేసింది.

* * *

ఇక మిగిలిన వారాలు ఆమె స్వయంగా వచ్చి ఎదురుగా కూర్చుంది. పనికి ఆలస్యమైనా పదకొండు మందీ కూర్చున్నారు. అయిపోయాక బెంజిమిన్ ఒక్కడు ఏదో ఒకటి అడిగేవాడు.

"మేడమ్, ఈ ఫోన్లో ఆవిడది చానా చల్లటి గొంతండి. ఇన్నప్పటి నుంచి గుట్కా మానేశా. మీరూ కాస్త అట్టా మాట్లాడొచ్చుగా?"

షెర్లీకి ఒళ్లు మండింది. "ఆవిడకి యాభై రెండేళ్లు."

"గొంతుకి వయసేంది మేడమ్?"

"మనవడు కూడా ఉన్నాడు."

"అవునా! పేరేంది?"

"...చింటూ."

తిరిగి వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని షెర్లీ తన ఘనకార్యాన్ని నెమరేసుకుంది. తన గొంతు మీద తనే అసూయపడింది. అది చాలక దాన్ని ముసలిదాన్ని చేసి, మనవణ్ణి చంకకెక్కించింది. జీతం మాత్రం మనుషుల మనసులు కుదుటపరిచే ఉద్యోగానికి.

ఆ మరుసటి వారం వాన వచ్చింది. "కళ్లు తెరిస్తే మళ్లీ మొదటినుంచీ" అని షెర్లీ గట్టిగా చెప్పి ఉంది. పదకొండు మందీ బిగించి కూర్చున్నారు. ఫోన్లో ఆమె గొంతు "ఆలోచనలు మబ్బుల్లాంటివి. వస్తాయి, పోతాయి. పట్టించుకోకండి" అంటోంది.

"మేడమ్, మబ్బు" అన్నాడు బెంజిమిన్, కళ్లు మూసుకునే.

"అది ఆలోచన. పోనివ్వు."

"లోపల గాదు మేడమ్. పైన."

"ఒరేయ్! కాయ తడుస్తందిరా!" అని అతని తల్లి జ్ఞానమ్మ కేక పెట్టేసరికి చినుకులు పడనే పడ్డాయి. అందరూ కాయ మీద కప్పే పట్టాల కోసం పరిగెత్తారు. ఒక పట్టాకి ఆ కొస బెంజిమిన్, ఈ కొస షెర్లీ. మిరపకాయలు పట్టుకున్న చేత్తో కళ్లు తుడుచుకోకూడదని పల్లెటూళ్లో పుట్టిన షెర్లీకి తెలుసు. అయినా తుడుచుకుంది.

వానలో నిలబడి ఏడుస్తుంటే అతను చెంబుతో నీళ్లు పోశాడు. "ఊపిరి తీసుకోండి మేడమ్, నెమ్మదిగా."

"నోరు ముయ్యి."

మంట తగ్గి కళ్లు తెరిచేసరికి అతని మొహం చాలా దగ్గరగా, తడిసి, దిగులుగా ఉంది. మంట మళ్లీ మొదలైతే బాగుండుననిపించింది ఆమెకు.

జ్ఞానమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఏమ్మా, మబ్బులు వాటంతటవే పోతయ్యని చెప్పే ఆవిడ ఎప్పుడన్నా కాయ ఎండబెట్టిందా?"

"లేదు పిన్నీ" అంది షెర్లీ నిజాయితీగా.

* * *

నెలాఖరు వచ్చింది. రిపోర్టు ముందు కూర్చుని షెర్లీ ఒక పూటంతా ఏమీ రాయలేదు. అబద్ధం రాస్తే అతని మీద ఇష్టంతో రాసినట్టు. నిజం రాస్తే ఇష్టం లేదని నిరూపించుకోవడానికి రాసినట్టు. ఎటు చూసినా మధ్యలో అతనే. చివరికి ఉన్నదున్నట్టు రాసేసింది.

సుధీర్ బాబు కుర్చీలో కూలబడి, బెంజిమిన్‌ను పిలిపించాడు.

"ఫోన్లన్నీ నొక్కింది నేనే సార్. మావాళ్లు తెల్లారకముందే పనికి పోతారు. ఫోన్లు నేనే అడిగి తీసుకున్నా. మేస్త్రీని నేను, తప్పు నాది."

సుధీర్ బాబుకు దోషి ఒక్కడైతే చాలు. నిజంగా కూర్చున్న ఆఖరి వారాల లెక్కతో పదిమందికి ఉత్తరాలు రాశాడు. బెంజిమిన్‌కి రాయలేదు. వింతేమిటంటే, బీపీ చూస్తే అందరికంటే బాగా తగ్గింది అతనికే. రోజుకు పదకొండు గొంతులు విన్నాడు మరి.

మెట్ల మీద షెర్లీ అడిగింది. "కోపం వచ్చిందా?"

"వచ్చింది. ఊపిర్లు లెక్కబెడతన్నా. నాలుగు దాకా వచ్చా."

"కేసు తేలేదాకా నాకు ఫోన్ చేయొద్దు. నేను ఆఫీసు మనిషిని."

"తేలినాక?"

షెర్లీ గంభీరంగా నడిచి వెళ్లి బస్సెక్కింది. విజయపురి సౌత్‌లో దిగాక గానీ, రాజుపాలెంలో ఇంటికి పోవాల్సిన తాను ఎదురు దారిలో వచ్చానని తెలియలేదు.

* * *

ముప్పై నాలుగు రోజుల తర్వాత రాజుపాలెంలో వాళ్లింటి ముందు ఆటో ఆగింది. జ్ఞానమ్మ దిగింది. వెనక ఇస్త్రీ చొక్కాలో బెంజిమిన్.

"కేసు తేలిపోయిందమ్మా" అంది జ్ఞానమ్మ కూర్చోకముందే గ్రేసమ్మతో. "అందరికీ కాగితాలున్నయ్, వీడికి లేదు. ఇంక చేసేదేముంది? సొంతంగా ఆ ప్రవీణ్ వాళ్లింటికి పోయాడు. వాకిట్లో గంట నిలబెట్టారంట. తిట్టినన్ని తిట్లు పడి, తప్పయిందన్నాడంట. ఆ పిల్లోడే కోర్టుకొచ్చి రాజీ అని చెప్పాడు."

తలుపు చాటున షెర్లీ అంతా వింది. ఆ కాగితం చేతికిచ్చి ఉంటే అతను ఆ వాకిలి తొక్కేవాడే కాదు.

"కేసు సంగతి సరే, కోపం సంగతేంది?" అంది గ్రేసమ్మ.

"వస్తది ఆంటీ" అన్నాడు బెంజిమిన్. "వచ్చినప్పుడు మీ అమ్మాయి మాట ఇంటా."

"మా షెర్లీ నోరు తెరిస్తే గదా నాయనా!"

"ఏడో రోజు పాఠంలో 'వస్తున్నానమ్మా' అని కూడా అంటది ఆంటీ. మీరు పిలిచినట్టున్నారు, తుడిచెయ్యడం మర్చిపోయింది. కల్లంలో ఫోనెత్తి అదే మాట అన్నప్పుడే నాకు తెలిసిపోయింది."

మొదటి రోజు నుంచీ తెలుసు! అంటే యాభై రెండేళ్లు... మనవడు... షెర్లీ తలుపు వెనక నుంచి బయటికొచ్చింది. "తెలిసీ చింటూ పేరు అడిగావా?"

"మీరు పేరు పెడతారో లేదో చూద్దామని."

"ఎవరే ఆ చింటూ?" అంది గ్రేసమ్మ.

"ఎవరూ లేరమ్మా. నాకు ఇతనిష్టం" అంది షెర్లీ, ఎదురింటి వాళ్లు కూడా తొంగిచూసేంత గట్టిగా.

* * *

చర్చిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదవాలి. మొదటి ఆదివారం పాస్టరు గారు ఇద్దరి పేర్లూ చదివి, "ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి" అన్నారు.

వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. ప్రవీణ్.

బెంజిమిన్ మొహం పాలిపోయింది. షెర్లీ ఎన్ని ఊపిర్లు లెక్కపెట్టాలో మర్చిపోయింది.

"అభ్యంతరం ఏం లేదండీ" అన్నాడు ప్రవీణ్, ఒకప్పుడు విరిగిన ఆ చేతిని ఇంకాస్త పైకెత్తి, అటూ ఇటూ తిప్పి. "బాగానే లేస్తంది, వడ్డనకి పనికొస్తదని చూపిస్తన్నా."